దిండుకొచ్చే దూది

మాచర్లలో ముప్ఫై ఏళ్ళుగా పరుపులు కుడుతున్న మీరా సాహెబ్ ఇంట్లో కొత్త దూది పరుపంటూ ఏనాడూ లేదు. వద్దని ఎవరూ అనలేదు. దూదేకులవాళ్ళ ఇళ్ళలో అదంతే. మిల్లు నుంచి వచ్చిన తెల్లటి దూది పెళ్ళివాళ్ళ పరుపుల్లోకి పోతుంది. ఏకేటప్పుడు రాలిన నలకలూ, పొట్టి పింజలూ, సాయంత్రం చీపురుతో ఊడ్చి పోగేసిన తుక్కూ ఇంటివాళ్ళ పరుపుల్లోకి వస్తాయి. అతని భార్య మాబున్నీసా కాపురానికి వచ్చిన ఏడాది ఆ ఊడ్పు దూదితోనే తన పరుపు తనే కుట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో దాన్ని ఆరుసార్లు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టారు.

అలాంటి మీరా సాహెబ్ ఎనభై ఆరులో, తొలకరి వానలు పడుతున్న రోజుల్లో, తన భార్య కోసం పన్నెండు కిలోల మిల్లు దూదితో పరుపు కుట్టాడు. నోరు కట్టుకున్న మనిషి చేతులు కట్టుకోలేక చేసిన పొరపాటు అది.

అంతకు పది రోజుల ముందు వాళ్ళిద్దరూ ప్యాసింజరు బండెక్కి గుంటూరు ఆసుపత్రికి వెళ్ళారు. రెండేళ్ళ కిందట మాబున్నీసాకు అక్కడే రొమ్ముకు ఆపరేషన్ జరిగింది. ఆ పుండు చక్కగా మానింది. పని కూడా మునుపటిలాగే చేసుకుంది. మూడు నెలలుగా నడుం నొప్పి పట్టుకుంది. వంగి కుట్టే పని కదా అని ఇద్దరూ అనుకున్నారు. రాత్రులు పక్క మీద అటూ ఇటూ కదలలేక ఆమె గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, కాగితాలన్నీ పట్టుకుని మళ్ళీ బయలుదేరారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. మీ ఆవిడను కూడా లోపలికి పిలవమంది. మీరా సాహెబ్ పిలవలేదు. అరుగు మీద కూర్చున్న మాబున్నీసా ఎవరి బిడ్డనో ఒళ్ళో వేసుకుని ఆడిస్తూ ఉంది. ఏదో ఉందని అతనికి అప్పటికే తెలిసిపోయింది. ఆమెకు తెలియనియ్యొద్దమ్మా, నాకే చెప్పండి అని బతిమాలుకున్నాడు.

డాక్టరమ్మ ఒక నిట్టూర్పు విడిచి తెలుగులో, తొందరపడకుండా చెప్పింది. రొమ్ములో మొదలైన జబ్బే ఇప్పుడు వెన్నెముకలోకి దిగింది. కొత్త జబ్బు కాదు, అదే. ఇక అది పూర్తిగా పోదు. పోదంటే చెయ్యడానికేమీ లేదని కాదు. రెండు దారులున్నాయి. మొదటిది, మూడు వారాలకొకసారి సెలైన్‌లో కలిపి ఎక్కించే గట్టి మందు. ఆరుసార్లు ఎక్కించాలి. వాంతులవుతాయి, జుట్టు ఊడుతుంది, రక్తం తగ్గుతుంది. జబ్బును అది కొన్నాళ్ళు ఆపొచ్చు, ఆపకపోవచ్చు. రెండోది, నొప్పి ఉన్నచోట పది రోజులు కిరణాలు పెట్టడం. దీన్నే జనం కరెంటు పెట్టడం అంటారు. దాంతో నొప్పి తగ్గుతుంది. తర్వాత రోజూ ఒక మాత్ర. కొందరికి ఆ మాత్ర నెలల తరబడి, కొందరికి ఏళ్ళు కూడా జబ్బును అణిచి ఉంచుతుంది. అది పనిచెయ్యడం మానేస్తే అప్పుడు మొదటిదాని సంగతి చూడొచ్చు.

"ఏది కావాలో ఆమెనే అడుగయ్యా. ఒళ్ళు ఆమెది," అని చివర్లో అంది. రెండు వారాల్లో వచ్చి చెప్పమంది.

మీరా సాహెబ్ అడగలేదు. బండిలో మాచర్ల చేరేలోపే తనే తేల్చుకున్నాడు, గట్టి మందే మేలని. ఏకే విల్లు పట్టుకున్నవాడికి అంతకన్నా వేరే ఆలోచన రాదు. తీగను ఎంత గట్టిగా కొడితే దూది అంత విచ్చుకుంటుంది. మెల్లగా మీటితే ఉండలు ఉండలుగానే ఉంటుంది. గురజాలలో కాపురమున్న కూతురు హసీనాకు మాత్రం సంగతి చెప్పాడు. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, అమ్మకు చెప్పొద్దు నాయనా, తెలిస్తే ఆ రోజే మంచాన పడిపోద్ది అంది. మాబున్నీసాకు మాత్రం ఎముకల్లో బలం తగ్గిందనీ, బలానికి సెలైన్లు పెడతారనీ ఇద్దరూ చెప్పారు. ఆమె విని ఊరుకుంది. రెండు సెలైన్లు చాలవా, ఆరెందుకు, అని మాత్రం ఒకసారి అడిగింది.

ఆ తర్వాతే అతను మిల్లు నుంచి దూది తెచ్చాడు. చారల గుడ్డ కొన్నాడు. మూడు రోజులు వసారాలో కూర్చుని ఏకాడు. వసారా అంతా తెల్లటి పొగలా లేచిన దూదిలో కనుబొమలు కూడా నెరిసిపోయినట్టు కనిపించాడు. ఇది ఎవరిదని గడపలో కూర్చున్న మాబున్నీసా అడిగితే, రెంటచింతల పెళ్ళివాళ్ళదన్నాడు. ఆమె దబ్బనంలోకి దారం ఎక్కించి అందించింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ దారం ఎక్కించేది ఆమే.

నాలుగో రోజు సాయంత్రం ఆమె కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి ఆ పరుపు ఆమె మంచం మీద పరిచి ఉంది. పాతది చుట్టి మూలన పెట్టాడు.

మాబున్నీసా దాన్ని చూసింది. మెల్లగా కూర్చుని, పడుకుని, అరచేతిని పరుపు అంచు వెంట కొంతదూరం జరిపింది.

"రెంటచింతల పెళ్ళికూతురు నేనేనా ఏంది?"

నడుముకు మెత్తగా ఉంటుందని కుట్టానని అతను గొణిగాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు ఊడ్పు దూది మీద పడుకున్నా. కాన్పుకు ఇయ్యలా. రొమ్ము కోసిననాడు ఇయ్యలా. ఇయ్యాల నాకు మిల్లు దూది యాడి నుంచొచ్చిందయ్యా?"

మీరా సాహెబ్ లేచి, బిందెలో నీళ్ళున్నా మళ్ళీ తెస్తానన్నట్టు దాని వైపు నడిచాడు.

"కూర్చో," అంది ఆమె. కోపంగా అనలేదు. "ఊళ్ళో ఎవరి పరుపైనా వాళ్ళ ముందే విప్పుతావు గదా. నాది నా చాటున విప్పావేంది?"

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అతని తండ్రి నేర్పిన మొదటి పాఠమే అది. పాత పరుపు ఏకాలంటే దాన్ని ఇంటికి మోసుకురాకూడదు. వాళ్ళ వాకిట్లోనే, ఆ పరుపు కలవాళ్ళను పీట వేసి కూర్చోబెట్టి, వాళ్ళు చూస్తుండగానే కుట్టు తెంచాలి. వాళ్ళ దూది వాళ్ళకే చేరిందని నమ్మకం కుదరాలి. తెంచాక గుప్పెడు దూది తీసి, లాగి చూసి, ఉన్నమాట చెప్పాలి. ఏకితే పొంగుతుందనో, నలిగిపోయింది, పరుపుకు రాదు, దిండుకొస్తుందనో. పల్లెల్లో మీరా సాహెబ్ మాటకు ఎదురు లేకపోవడానికి కారణం అదే. రానిదాన్ని వస్తుందని అతను ఎన్నడూ చెప్పలేదు.

మంచం పట్టె మీద కూర్చున్నాడు. మొదట ఎక్స్‌రే సంగతి చెప్పాడు. తర్వాత వెన్నెముక. తర్వాత పోదన్న మాట. ఆ మాట దగ్గర ఆగాడు. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసి, చెప్పు, అంది. రెండు దారులూ చెప్పాడు. తను ఏది తేల్చుకున్నాడో కూడా చెప్పాడు. హసీనా కూడా చెప్పొద్దందని, తప్పు సగం దించుకోవడానికి అన్నాడు.

ఆమె పైకప్పు వైపు చూస్తూ ఏడ్చింది. చప్పుడు లేదు, కణతల మీదుగా నీళ్ళు కొత్త పరుపు గుడ్డలోకి ఇంకాయి. తర్వాత కొంగుతో తుడుచుకుని అడిగింది.

"రొమ్ముది వెన్నులోకి ఎట్టా పోయిందంటా?"

రక్తంలో కలిసి పోతుందట అని అతను చెప్పాడు. ఆమె తల ఊపింది. నువ్వు ఏకుతుంటే పింజ ఎగిరి కోటయ్య బాబాయి ఇంట్లో కూరగిన్నెలో పడేది గుర్తుందా అంది. పక్కింటి కోటయ్య భార్య ఆ పింజ తీసి చూపించి ఎంతో గొడవ చేసేది. కూరలో పడినా అది దూదే, కూర అయిపోదు. ఇదీ అంతేనన్నమాట, అంది. డాక్టరమ్మ అంతసేపు చెప్పింది అతనికి అప్పుడు అర్థమైంది.

"మళ్ళీ ఏకితే పరుపుకొస్తదా?"

ఆమె అతని మొహం వైపే చూస్తూ ఉంది, వాకిట్లో పీట మీద కూర్చుని అతని తీర్పు కోసం చూసే వాళ్ళలాగే.

"రాదు," అన్నాడు.

"దిండుకు?"

"దిండుకొస్తది మాబూ."

"అయితే దిండే కుట్టు. పరుపు చేస్తానని నన్ను చితక్కొట్టమాక."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. గట్టి మందుతో ఇంకొన్ని నెలలు వస్తాయేమోనని అతను చివరిసారి అన్నాడు. వస్తాయో రావో డాక్టరమ్మనే అడుగుదాం, ఈసారి నేనూ లోపలికొస్తా, అంది మాబున్నీసా. ఆకలేస్తోంది, అన్నం పెట్టమంది. మూడు వారాలుగా అన్నం సహించని ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అతనికి పెద్ద వరంలా అనిపించి, వెంటనే అన్నం వడ్డించాడు.

సోమవారం గుంటూరు బండిలో జామకాయలు అమ్ముకునే ఆమె ఎవరో, మాబున్నీసా కూర్చునే తీరు చూసి ఏమీ అడక్కుండా గంప కింద పెట్టుకునే తన తలకుదురు గుడ్డను మడిచి ఆమె నడుం వెనక పెట్టింది. సత్తెనపల్లిలో దిగిపోతూ దాన్ని తీసుకోవడం మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో తెలియలేదు.

డాక్టరమ్మ ముందు మాబున్నీసా స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ఆ మందు పడితే ఎన్నాళ్ళు ఎక్కువ వస్తాయని అడిగింది. ఖాయంగా చెప్పలేను, కొందరికి నెలలు వస్తాయి, కొందరికి ఏమీ రావు, అంది డాక్టరమ్మ. ఆ ఎక్కువ వచ్చిన నాళ్ళలో వాంతులకూ మంచానికీ ఎన్ని పోతాయని అడిగింది. డాక్టరమ్మ కలం మూత పెట్టేసి, ఈ మాట ఎవరూ అడగరమ్మా, అంది. ప్రతిసారీ వారం పది రోజులు పోవచ్చని చెప్పింది. కరెంటు కాలుతుందా అని అడిగితే, కాలదు, నొప్పి తెలియదు, అక్కడ చర్మం కాస్త నల్లబడొచ్చు, నాలుగు రోజులు నీరసంగా ఉండొచ్చు అంది.

"ఇయ్యాల మాత్ర తీసుకుంటే రేపు ఆ మందు ఇయ్యనంటారా?"

"అనను. తలుపు తెరిచే ఉంటుంది."

"అయితే ముందు నొప్పి తీసెయ్యండమ్మా. కూర్చుని కుట్టుకోగలిగితే చాలు."

ఎక్కడన్నా మా పొరపాటు ఉందా, ముందే వస్తే ఆగేదా అని మీరా సాహెబ్ అడిగాడు. ఆ ప్రశ్న అన్నాళ్ళూ అతని గొంతులోనే ఉంది. మీరిద్దరూ చెయ్యాల్సినదంతా చేశారు, కొన్ని జబ్బులు ఇంతే, అంది డాక్టరమ్మ. అతను బయటికి వచ్చి స్తంభానికి ఆనుకుని కొంతసేపు నిలబడ్డాడు.

పది రోజులు గుంటూరులో దూరపు చుట్టాలింట్లో ఉన్నారు. కరెంటు గదిలో పనిచేసే యేసుపాదం అనే అతను రోజూ ఆమెను బల్ల ఎక్కించేవాడు. అది ఇనప బల్ల. దాని మీద వీపు ఆనగానే ఆమె ఒళ్ళు ముడుచుకుపోవడం మొదటి రోజే చూశాడు. రెండో రోజు నుంచి తన భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు వేసి ముందే పరిచి ఉంచేవాడు. కదలమాక అక్కా, ఊపిరి మామూలుగానే తీసుకో, అని చెప్పి దళసరి తలుపు వేసేవాడు. బయట బెంచీ మీద మీరా సాహెబ్ తన గుండె చప్పుడు లెక్కపెట్టుకునేవాడు. మొదటి రోజు బయటికి వచ్చి ఆమె పెదవి విరిచింది.

"కరెంటంటే ఏందో అనుకున్నా. చప్పుడే లేదు. నీ విల్లే నయం, మోతన్నా ఉంటది."

మాచర్ల వచ్చిన మూడో వారానికి ఆమె పడుకుని నిద్రపోయింది. గోడకు ఆనకుండా, పక్కకు తిరిగి, నోరు కొద్దిగా తెరుచుకుని. మీరా సాహెబ్ తెల్లవారాక కూడా విల్లు ముట్టుకోలేదు. ఆ రోజు పని మధ్యాహ్నం మొదలైంది.

ఆ తర్వాత ఒక ఉదయం ఆమె కొత్త పరుపు విప్పమంది. మరీ మెత్తన, నడుం దిగబడిపోతోంది, నా పాతదే నాకు వెయ్యి, అంది. వాకిట్లో తనే పీట వేసుకుని కూర్చుంది. అతను కుట్టు తెంచి, గుప్పెడు తీసి లాగి చూపించాడు. ఆమె పెద్ద ఖాతాదారులా కళ్ళు చికిలించి చూసి, బాగుంది, దిండ్లు కుట్టు, అంది. నెల రోజుల్లో ఇద్దరూ కలిసి పదకొండు దిండ్లు కుట్టారు. హసీనాకు రెండు. కోటయ్య భార్యకు ఒకటి, పింజలు పడిన కూరలకు బదులుగా అని చెప్పి మరీ ఇచ్చింది. తనకొకటి ఉంచుకుంది. మిగతావి ఎవరెవరికి పోయాయో మీరా సాహెబ్‌కు గుర్తులేదు. ఆఖరున మిగిలిన దూదితో ఆమె అరంగుళం మందాన, మనిషి పొడవున ఒక పలచటి పరుపు కుట్టింది. మాత్రలకు గుంటూరు వెళ్ళినప్పుడు దాన్ని చుట్టి తీసుకుపోయారు. డాక్టరమ్మ దాన్ని వేళ్ళతో నొక్కి చూసి సరేనంది. యేసుపాదం దాన్ని ఇనప బల్ల మీద పరిచి, తన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

మాత్ర పద్నాలుగు నెలలు పనిచేసింది. ఆ పద్నాలుగు నెలల్లో ఆమె రంజాను పండగకు ఇంటిల్లిపాదికీ సేమియా వండింది. రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళింది. అతనితో మూడుసార్లు పోట్లాడింది. పోట్లాడిన ప్రతిసారీ అతను లోలోపల సంతోషించాడు.

తర్వాత నొప్పి పక్కటెముకల్లోకి వచ్చింది. డాక్టరమ్మ మాట తప్పలేదు, మళ్ళీ రెండు దారులూ వాళ్ళ ముందు పెట్టింది. ఈసారి మాబున్నీసా రెండు రోజులు ఆలోచించి, హసీనా మొహం చూడలేక, గట్టి మందు ఒకసారి ఎక్కించుకుంది. జుట్టంతా దిండు మీదికి వచ్చేసింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. పదమూడో రోజు కూతుర్ని దగ్గరికి పిలిచి, నీ కోసం ఒకటి చూశానమ్మా, ఇంక చాలు, అంది. హసీనా ఈసారి తల్లి ముందే ఏడ్చింది. చాటుకు వెళ్ళలేదు. నొప్పికి ఇచ్చిన మాత్రలతో, మధ్యలో ఇంకో అయిదు రోజులు కరెంటుతో, చలికాలం గడిచింది.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో, ఎండ వసారా దాకా వచ్చే వేళ, మాబున్నీసా తన ఊడ్పు దూది పరుపు మీద పోయింది. తల దగ్గర మీరా సాహెబ్ ఉన్నాడు. ముందురోజు సాయంత్రం అతను ఏకుతుంటే వింటూ, ఈసారి తీగ బిగువు తగ్గినట్టుంది చూసుకో, అని చెప్పింది. నిజంగానే తగ్గింది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక హసీనా గది సర్దుతూ తల్లి దిండు వసారాలోకి తెచ్చింది. నడుమ లోతుగా పల్లం పడి ఉంది. గుడ్డకు నూనె మరక. విప్పి ఏకు నాయనా, గుడ్డ ఉతికి నేను తీసుకుపోతా, అంది.

మీరా సాహెబ్ దిండు ఒళ్ళో పెట్టుకున్నాడు. కత్తెర తీశాడు. కుట్టు మాబున్నీసాదే, మూలకు వచ్చేసరికి ఎప్పుడూ ఒక పోగు ఎక్కువ వేసే అలవాటు. కత్తెర మొన ఆ పోగు కింద పెట్టి, ఎదురుగా వాకిట్లోకి చూశాడు. పీట గోడకు చేర్చి ఉంది.

"ఏకితే పొంగుద్దిగా?" అంది కూతురు, అతను ఆగిపోయాడని చూసి.

"పొంగుద్ది. మంచి దూది."

"మరి?"

"కలవాళ్ళు లేకుండా ఎట్టా విప్పేదమ్మా?"

అతను కత్తెర పక్కన పెట్టి, దిండును వాకిట్లో పీట మీద ఎండకు ఉంచాడు. నీడ జరిగినప్పుడల్లా లేచి వెళ్ళి పీటను ఎండలోకి జరిపాడు. పొద్దు వాలాక, ఇంకా వెచ్చగా ఉండగానే, రెండు చేతులతో లోపలికి తీసుకువెళ్ళాడు.